మాజీ సైనికుల పీటీఎస్‌డీ, సర్వీస్ డాగ్‌లు: కర్నూలులో పీహెచ్‌డీ చేయాలంటే ముందు ఏ ప్రశ్న అడగాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. కర్నూలులో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. రాయలసీమ మాజీ సైనికుల్లో పీటీఎస్‌డీ (యుద్ధం, ప్రమాదం లాంటివి చూశాక మనసుకు తగిలి మానని గాయం) ఉన్న నలభై మందిని తీసుకుని, సగం మందికి శిక్షణ ఇచ్చిన కుక్కలు ఇచ్చి, మిగతా సగానికి ఇవ్వకుండా, ఆరు నెలల తర్వాత తేడా చూడాలని ఆమె ఆలోచన. కుక్కతో ఉంటే ఆక్సిటోసిన్ అనే అనుబంధపు హార్మోన్ పెరుగుతుంది కాబట్టి లక్షణాలు తగ్గుతాయని ఆమె ఊహ. గైడ్ గారు "ఇది మన దగ్గర జరిగే పని కాదు" అన్నారట. టాపిక్ మార్చుకోవాలా, గైడ్‌ని ఒప్పించాలా అని అడిగింది.

అమ్మా, టాపిక్ మార్చుకోవద్దు, ప్రశ్న మార్చుకోండి. నేను అనంతపురంలో క్లినికల్ సైకాలజిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మాజీ జవాన్లు, పోలీసులు, ప్రమాదాల్లో బతికి బయటపడ్డవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఇంట్లో ఎప్పుడూ కుక్క ఉంటుంది కాబట్టి ఈ పరిశోధనలన్నీ ఆసక్తిగా చదువుతూ వచ్చాను. మీ గైడ్ గారు డబ్బు సంగతి ఆలోచించి అలా అన్నారేమో. నాకు కనిపిస్తున్న అడ్డు అంతకన్నా ముందే ఉంది. ఇరవై కుక్కలు ఎక్కడి నుంచి తెస్తారు?

సర్వీస్ డాగ్ అంటే మంచి స్వభావం ఉన్న పెంపుడు కుక్క అని చాలామంది అనుకుంటారు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం లెక్కలో, ఒక మనిషి వైకల్యానికి సంబంధించిన ఫలానా పని చేయడానికి విడిగా శిక్షణ పొందిన కుక్కకే ఆ పేరు. పక్కన ఉంటే మనసుకు ఊరటగా ఉంటుంది అంటే సరిపోదు. అలాంటిదాన్ని ఎమోషనల్ సపోర్ట్ డాగ్ అంటారు, దానికి ఆ చట్టం కింద హోటల్లోకో బస్సులోకో వెళ్లే హక్కు లేదు. పీటీఎస్‌డీ కోసం తయారైన కుక్క, పీడకల వచ్చి మనిషి మూలుగుతుంటే లేపుతుంది. కాళ్లు ఊపడం, చేతులు నలుపుకోవడం లాంటివి మొదలైతే ముక్కుతో పొడిచి మనిషి ధ్యాసను తనవైపు తిప్పుకుంటుంది. ఒళ్లోకో ఛాతీ మీదకో ఎక్కి బరువు మోపుతుంది. జనంలో ఉన్నప్పుడు యజమానికి, ఎదుటివాళ్లకు మధ్య అడ్డంగా నిలబడుతుంది. వెనక్కి తిరిగి కూర్చుని ఆయన వీపు వైపు కాపలా కాస్తుంది. ఇంత నేర్చుకోవడానికి మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. మొదలుపెట్టిన కుక్కల్లో చాలా భాగం మధ్యలోనే తప్పుకుంటాయి. ఒకటి టపాకాయ శబ్దానికి బెదురుతుంది, ఒకటి తిండి కనిపిస్తే మాట వినదు.

మన దేశంలో కుక్కలకు శిక్షణ ఇచ్చే పెద్ద సంస్థలు ఉన్నాయి. మీరట్‌లో సైన్యం వారి రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ కేంద్రం ఉంది. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వారిది, మనకు దగ్గర్లోనే బెంగళూరు శివారు తరళులో సీఆర్పీఎఫ్ వారిది ఉన్నాయి. అక్కడ తయారయ్యేవి పేలుడు పదార్థాలు వెతికేవి, జాడ పట్టేవి, కాపలా కాసేవి. మనిషి చేతుల వణుకు చూసి ఒళ్లో తల పెట్టే కుక్కను తయారు చేయడం వేరే విద్య, వేరే పరీక్షలు. కాబట్టి ఆరు నెలల్లో ఇరవై కుక్కలన్నది కాగితం మీద కూడా నిలబడదు.

సరే, కుక్కలు దొరికాయే అనుకుందాం. అప్పుడైనా మీ డిజైన్‌కి జవాబు వస్తుందా? ఇక్కడ అమెరికా అనుభవం కాస్త నింపాదిగా చూడాలి.

అక్కడి మాజీ సైనికుల శాఖతో ఈ అధ్యయనం చేయించాలని 2010 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలోనే కాంగ్రెస్ రాసింది. 2011లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదలుపెట్టారు. కుక్కలు పిల్లలను కరవడం, కుక్కలకే జబ్బులు ఉండటం లాంటివి బయటపడి అది ఆగిపోయింది. తర్వాత డిజైన్ మొత్తం మార్చి అట్లాంటా, అయోవా సిటీ, పోర్ట్‌లాండ్‌లలో మళ్లీ నడిపారు. 97 మందికి సర్వీస్ డాగ్‌లు, 84 మందికి ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌లు ఇచ్చి 18 నెలలు గమనించారు. ముఖ్యంగా కొలవాలనుకున్నవి రెండు: రోజువారీ పనుల్లో ఇబ్బంది ఎంత, జీవన నాణ్యత ఎంత. ఆ రెండింటిలోనూ రెండు గుంపుల మధ్య తేడా తేలలేదు. పీటీఎస్‌డీ లక్షణాల స్కోరు మాత్రం సర్వీస్ డాగ్ ఉన్నవాళ్లలో 3.7 పాయింట్లు ఎక్కువ తగ్గింది. వాళ్లు వాడిన పీసీఎల్-5 ప్రశ్నావళిలో ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 80. అందులో 3.7. ఒక ప్రభుత్వం తలకెత్తుకుని దాదాపు పదేళ్లు తంటాలు పడితే వచ్చిన తేడా అది. మీకు నలభై మందిలో, ఆరు నెలల్లో, అంత చిన్న తేడా కనిపించే అవకాశం లేదు. అలాంటి తేడా కనిపించాలంటే ఎంతమంది కావాలో, ఆ శాంపిల్ సైజు లెక్క వేసి మీ గైడ్ గారికి చూపించండి, ఆయన చెప్పకుండా వదిలేసిన మాట అదే అయ్యుంటుంది.

ఆ అధ్యయనంలో అసలు కుక్క లేని గుంపు లేదు. రెండు గుంపులకూ కుక్క ఉంది, తేడా శిక్షణలోనే. అందుకే దాన్ని పట్టుకుని "కుక్కలు పనిచేయవు" అనేవాళ్ల మాట తప్పు. "పనిచేస్తాయని తేలింది" అనేవాళ్లదీ తొందరే.

రెండో పాయ పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మ్యాగీ ఓహేర్ మొదలుపెట్టిన పరిశోధనలది. 2018లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో 141 మంది ఉన్నారు. 75 మందికి కుక్క ఉంది, 66 మంది కుక్క కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. కుక్క ఉన్నవాళ్లలో లక్షణాలు తక్కువగా ఉన్నాయి, కానీ సగటున చూస్తే జబ్బు గీత కిందికి దిగిపోలేదు. 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్‌లో వచ్చినది ఇంకా గట్టిది. 156 మంది, మూడు నెలలు. ఎవరికి కుక్క ఉందో తెలియని వైద్య నిపుణులు ఇంటర్వ్యూ చేసి నిర్ణయించారు. కుక్క ఉన్నవాళ్లకు పీటీఎస్‌డీ నిర్ధారణ అయ్యే ఆడ్స్ (అయ్యే అవకాశానికి, కాని అవకాశానికి ఉన్న నిష్పత్తి) 66 శాతం తక్కువ అని తేలింది. ఇది వినగానే మనసు ఎగురుతుంది. అయినా చదివేటప్పుడు రెండు సంగతులు పక్కన రాసుకోండి. ఎవరికి కుక్క రావాలన్నది లాటరీ తీసి నిర్ణయించలేదు, వెయిటింగ్ లిస్టు వరుసను బట్టి వచ్చింది. రెండు, ఇరువైపులా అందరికీ మామూలు వైద్యం నడుస్తూనే ఉంది. కుక్క దానికి తోడు.

ఈ రెండో మాటను మన సీమకు తెచ్చి చూడండి. ఇక్కడ చాలామంది మాజీ జవాన్లకు ఆ మామూలు వైద్యమే లేదు. గుండె దడ అని కార్డియాలజిస్టు దగ్గరికి, నిద్ర లేదని మందుల షాపుకి, సాయంత్రం వేరే షాపుకి పోతుంటారు. పీటీఎస్‌డీకి బాగా పరీక్షకు నిలిచిన చికిత్సలు ఉన్నాయి. సైకాలజిస్టు దగ్గర కూర్చుని చేయించుకునే థెరపీల్లో ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, ఈఎండీఆర్ ఉన్నాయి. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ ఉన్నాయి. ఇవేవీ అందని మనిషికి కుక్కనిచ్చి స్కోరు కొలిస్తే మీరు కొలుస్తున్నది దేన్ని? ఆరు నెలలపాటు ఒక చదువుకున్న అమ్మాయి వారం వారం ఇంటికొచ్చి, "ఎట్లున్నారు సార్, నిద్ర పడుతోందా" అని అడగడమే ఆయనకు జరిగిన పెద్ద చికిత్స అయ్యుండొచ్చు.

ఇక ఆక్సిటోసిన్. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో రాసింది, కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని. అది మామూలు యజమానుల మీద చేసిన పని. అక్కడి నుంచి పీటీఎస్‌డీ తగ్గుతుందన్న చోటికి చేరడానికి మధ్యలో ఉండాల్సిన మెట్లు ఇంకా ఎవరూ కట్టలేదు. హార్మోన్లే కావాలంటే ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసోల్ మీద జరిగిన పని చదవండి. 2018లోనే వచ్చింది. నిద్రలేచిన వెంటనే ఒకసారి, అరగంటకు ఒకసారి ఉమ్మి తీసి చూస్తారు. మామూలు మనుషుల్లో ఆ అరగంటలో కార్టిసోల్ పైకి లేస్తుంది. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో ఆ లేవడం మందగించి ఉండటం తరచుగా కనిపిస్తుంది. కుక్క ఉన్న 45 మందిలో, వెయిటింగ్ లిస్టులోని 28 మంది కంటే అది ఎక్కువగా లేచింది. బాగుంది కదా. కానీ తెల్లవారుజామున ఉమ్మి తీసి, ఐస్ పెట్టెలో పెట్టి, ల్యాబుకు చేర్చే ఏర్పాటు ఆళ్లగడ్డ పల్లెల్లో ఎవరు చేస్తారు? హార్మోన్ల జోలికి పోవద్దని నా సలహా.

మరి ఏం చేయాలి? నా మాట ఒక్కటే. కుక్కను ఒక మందు బిళ్లలా చూడటం మానేసి, అది చేసే పనులను విడదీయండి. ఏ పని ఏ లక్షణం మీద పడుతోంది, అది మనిషిని బయటికి నడిపిస్తోందా, ఇంకా లోపలికి నెడుతోందా? ఈ ప్రశ్న అమెరికాలో కూడా పూర్తిగా తేలలేదు. ఇది ఇరవై కుక్కలు లేకుండా, కర్నూలులో కూర్చుని, తక్కువ మందితో అడగదగిన ప్రశ్న.

పీటీఎస్‌డీ లక్షణాలు నాలుగు గుంపులు: జరిగింది మళ్లీ మళ్లీ కళ్లముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే వాటి నుంచి తప్పించుకు తిరగడం, ఆలోచనలూ మూడ్ పాడవడం, ఎప్పుడూ అప్రమత్తంగా ఉండి ఉలిక్కిపడటం. కుక్క పీడకల నుంచి లేపితే మొదటి గుంపు మీద, నిద్ర మీద పడుతుంది. ఆందోళన మొదలవగానే పొడిస్తే నాలుగోదాని మీద. ఇంతవరకూ తగాదా లేదు. వెనుక కాపలా కాయడం దగ్గరే తగాదా. హోటల్లో గోడకు ఆనుకుని, గుమ్మానికి ఎదురుగా తప్ప కూర్చోలేని మనిషికి "నీ వీపు నేను చూస్తాను" అని కుక్క చెబితే ఆయన కాసేపు కూర్చోగలుగుతాడు. నిజమే. కానీ వెనుక ప్రమాదం ఉందన్న నమ్మకం అలాగే ఉండిపోతుంది, కుక్క ఉంది కాబట్టే బతికానన్న లెక్క కుదురుతుంది. ఎక్స్‌పోజర్ థెరపీలో మేము చేసేది దీనికి ఎదురు. రక్షణ ఏర్పాట్లు ఒక్కొక్కటీ తీసేసి, ఏమీ జరగలేదని ఆ మనిషే చూసుకునేలా చేస్తాం. కుక్క నడిచే ఊతకర్ర అవుతుందా, బయటికి తోసే చెయ్యి అవుతుందా అన్నది ఆ ఒక్క పనిని ఎలా వాడుతున్నారన్న దాని మీద ఉంటుంది.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. కుక్కలున్న మాజీ సైనికులనే అడిగితే, నేర్పిన పనుల్లో ఆందోళనను ఆపడం బాగా ముఖ్యమైనవాటిలో ఒకటని చెప్పారు, ఎక్కువగా వాడేవాటిలోనూ అది ఉందన్నారు. అయితే నేర్పిన పనుల కన్నా నేర్పకుండా వచ్చినవే, అంటే తోడుగా ఉండటం, ప్రేమ చూపించడం, నమ్మకంగా వెంట తిరగడం లాంటివే ఇంకా ముఖ్యమని కూడా వాళ్లే చెప్పారు. మీకు ఇది గట్టి ఆధారం. నేర్పనివి నాటు కుక్కలో కూడా ఉంటాయి. రెండేళ్ల శిక్షణ లేని కుక్కల్లో, మన ఇళ్లల్లో ఇప్పటికే ఉన్న కుక్కల్లో, వాటిని చూడొచ్చు.

చూస్తే అన్నీ తీపిగా ఉండవు. తాడిపత్రి వైపు ఒక పల్లెలో నాకు తెలిసిన ఒక మాజీ జవాను ఉన్నాడు. అక్కడ సున్నపురాయి క్వారీల్లో బ్లాస్టింగ్ పెడతారు. శబ్దం వినపడితే ఆయన చేతిలోని గ్లాసు కింద పడుతుంది. ఇంటి ముందు నాటు కుక్క ఉంది, ఆయన ప్రాణం అది. రాత్రి ఎవరైనా వీధిలో నడిస్తే అరుస్తుంది. అరిచిన ప్రతిసారీ ఆయన టార్చి తీసుకుని కాంపౌండు చుట్టూ తిరిగి వస్తాడు. "కుక్క ఈయన్ను నిద్రపోనియ్యదు, ఈయన కుక్కను నిద్రపోనియ్యడు" అని ఆయన భార్య నాతో అంది. ఆ కుక్క ఆయన జాగరూకతకు జీతం లేని అసిస్టెంటు. అమెరికా పేపర్లలో ఇది మీకు దొరకదు, ఎందుకంటే వాళ్లు అరవని కుక్కలను ఏరుకుని శిక్షణ ఇస్తారు. మన పల్లెలో కుక్కను పెంచేదే అరవడం కోసం.

ఇంకొకాయన కర్నూలులోనే ఉంటాడు. రిటైరయ్యాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కొడుకు లాబ్రడార్ పిల్లను తెచ్చాక పొద్దున్నే తుంగభద్ర వైపు నడకకు తీసుకెళ్లక తప్పలేదు. దారిలో జనం "ఏం జాతి అన్నా ఇది, ఎంత పెట్టినారు" అని అడుగుతారు. జవాబు చెప్పక తప్పదు. యుద్ధం సంగతి ఎవరూ అడగరు, కుక్క సంగతే అడుగుతారు, అందుకే ఆయన మాట్లాడగలిగాడు. ఈ రెండు ఇళ్లల్లోనూ కుక్కే. ఒకచోట నాలుగో గుంపు లక్షణాలకు మేత వేస్తోంది, ఇంకోచోట రెండో గుంపును కరిగిస్తోంది. మీ థీసిస్ ఈ తేడాలో ఉంది.

కాబట్టి నేనైతే రెండు దశలు చేస్తాను. మొదటిది ఇంటర్వ్యూలు. కుక్క ఉన్న మాజీ సైనికులు, లేనివాళ్లు, వాళ్ల భార్యలు. భార్యలను విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి, సగం నిజం అక్కడే ఉంటుంది. శిక్షణ ఇచ్చిన కుక్క అంటే వాళ్లకేం అర్థమవుతోంది, ఇంట్లోకి రానిస్తారా, ఎవరు చూసుకుంటారు, నలుగురిలో వెంట తీసుకెళ్తే ఏమనుకుంటారు అని అడగండి. కర్నూలు, కడప రెండూ ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్లు, సైన్యంలో పనిచేసినవాళ్లు ఆ ఇళ్లల్లోనూ ఉన్నారు. కుక్క ఉమ్మి తగిలితే నమాజుకు ముందు శుభ్రం చేసుకోవాలన్న పట్టింపు చాలామందికి ఉంటుంది. మడి ఆచారం ఉన్న హిందూ ఇళ్లల్లో కుక్క గడప దాటకూడదు. అలాంటి ఇంట్లో పడకగదిలో ఉండి పీడకల నుంచి లేపే కుక్క ఎలా కుదురుతుంది? కుదరదని మీరే తేల్చేయకండి, వాళ్లు ఏ దారి చెబుతారో వినండి. వరండాలో పడుకునే కుక్క ఏ పని చేయగలదన్నది కూడా మంచి ప్రశ్నే. ఆర్టీసీ బస్సు కండక్టర్లను, హోటల్ యజమానులను నలుగురైదుగురిని అడిగినా మీకు ఒక అధ్యాయం వస్తుంది. అమెరికా లాంటి ప్రవేశ హక్కు లేని చోట సర్వీస్ డాగ్ పని ఇంటి గేటు దగ్గర ఆగిపోతుంది.

రెండో దశకు పెద్ద గుంపు వద్దు. ఇంట్లో ఇప్పటికే నెమ్మదైన కుక్క ఉండి, సైకియాట్రిస్టు దగ్గర చికిత్సలో ఉన్న నలుగురైదుగురు చాలు. ఒక్క పని మాత్రమే నేర్పండి. కాలు ఊపడం మొదలైతే వచ్చి ముక్కుతో పొడవడం. తినిపించి నేర్పే పద్ధతిలో, అనుభవం ఉన్న ట్రైనర్‌తో, చాలా పెంపుడు కుక్కలకు ఇది వస్తుంది. డిజైన్ మల్టిపుల్ బేస్‌లైన్. అంటే అందరికీ ఒకేరోజు మొదలుపెట్టరు. ముందు అందరి దగ్గరా కొన్ని వారాలు ఏమీ చేయకుండా రోజూ కొలుస్తారు. తర్వాత మొదటాయనకు శిక్షణ మొదలుపెట్టి మిగతావాళ్లను అలాగే ఉంచుతారు, కొన్ని వారాలకు రెండో ఆయన, ఆ తర్వాత మూడో ఆయన. కాలువ నీళ్లు వంతులవారీగా ఒక్కో మడికి వదిలి, వదిలిన మడే తడుస్తోందా అని చూసుకోవడం లాంటిది. ఎవరికి ఎప్పుడు మొదలైతే అప్పుడే వాళ్ల గీత మారితే కారణం శిక్షణే అనడానికి బలం వస్తుంది. అందరి గీతలూ దసరా సెలవులకు ఒకేసారి మారితే కారణం వేరే ఉంది.

రోజూ కొలిచేవి చిన్నవిగా ఉండాలి. రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఈరోజు ఇల్లు దాటి ఎంతసేపు ఉన్నారు, కుక్క ఎన్నిసార్లు వచ్చి పొడిచింది, పొడిచాక ఏం చేశారు. ఈ చివరిది వదలొద్దు. పొడిచాక ఆయన అక్కడే నిలబడి ఊపిరి సర్దుకున్నాడా, లేక కుక్కను తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడా? నేను ఊతకర్ర, తోసే చెయ్యి అన్నది ఈ గడిలోనే తేలుతుంది. నెలకోసారి పీసీఎల్-5 పెట్టండి. దానిలో 31 నుంచి 33 మధ్య వస్తే జబ్బు ఉండే అవకాశం గట్టిగా ఉందని లెక్క, నిర్ధారణ మాత్రం డాక్టర్ చేయాలి. ఆ ఇంగ్లీషు ప్రశ్నావళిని ఇద్దరు వేర్వేరుగా తెలుగు చేసి, మూడో మనిషి తిరిగి ఇంగ్లీషు చేసి సరిపోల్చాలి. తర్వాత నలుగురు మాజీ జవాన్లకు చదివి వినిపించి, వాళ్లకేం అర్థమైందో అడగాలి. స్కోరు వేసే మనిషికి ఎవరు ఏ దశలో ఉన్నారో తెలియకూడదు. మీరే ట్రైనర్, మీరే ఇంటర్వ్యూయర్, మీరే స్కోరర్ అయితే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

మనుషులను వెతకడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ వారి పాలీక్లినిక్, మాజీ సైనికుల సంఘాలు ఉన్నాయి. ముందు సంఘం పెద్దలతో కూర్చోండి. "మానసిక రోగుల కోసం వచ్చాను" అని మొదలుపెడితే అక్కడే ముగుస్తుంది. నిద్ర గురించి, కోపం గురించి అడగడానికి వచ్చానంటే మాట్లాడతారు. పెన్షన్‌కో కొత్త సెక్యూరిటీ ఉద్యోగానికో దెబ్బ తగులుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. మీ రికార్డులు ఏ ఆఫీసుకూ వెళ్లవని కాగితం మీద రాసి ఇవ్వండి. చిన్న ఊళ్లలో పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. "కార్గిల్లో పనిచేసి, లాబ్రడార్ పెంచుకునే ఫలానా మండలం ఆయన" అని రాస్తే మండలమంతా గుర్తుపడుతుంది. రాసేటప్పుడు వివరాలు కలిపేయండి.

మాజీ సైనికులు సరిపడా దొరకకపోతే సీమలో గాయపడ్డ మనసులకు కొరత లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు మేడల మీద రాత్రుళ్లు గడిపినవాళ్లు ఉన్నారు. 2021 నవంబరు 19న అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు పల్లెల మీద పడ్డప్పుడు బతికినవాళ్లు ఉన్నారు. ఫ్యాక్షన్‌లో భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి ఎవరూ పెద్దగా పరిశోధన చేయలేదని నా బాధ. కానీ ఆ ఇళ్లల్లో కుక్క అంటే కాపలా, కాపలా అంటే పాత పగ. అక్కడికి ఈ ప్రాజెక్టుతో వెళ్లొద్దు.

ఎథిక్స్ కమిటీకి పెట్టేటప్పుడు 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చదివి పెట్టండి. ఎవరైనా చనిపోవాలని ఉందని చెబితే ఆ గంటలో మీరేం చేస్తారో ముందే రాసి ఉంచాలి. ఎవరికి ఫోన్ చేస్తారు, ఏ ఆసుపత్రి, ఎవరు వెంట వెళ్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి ఇంట్లో ఇచ్చి రండి. అనంతపురం వైపు వాళ్లు నిమ్హాన్స్‌కి వెళ్లడానికి వెనుకాడరు, బెంగళూరు దగ్గరే కాబట్టి. కుక్కల వైపు నుంచి మీ సంస్థలోని జంతువుల ఎథిక్స్ కమిటీని కూడా అడగండి. ఇంటి కుక్కలే కాబట్టి అక్కర్లేదని ఎవరైనా అన్నా సరే, ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి.

కుక్కల సంగతి కమిటీలు తక్కువ అడుగుతాయి, మీరే ఎక్కువ ఆలోచించాలి. రేబిస్ టీకా కార్డు చూడకుండా ఏ కుక్కనూ చేర్చుకోవద్దు. మీరూ ట్రైనరూ ముందుగానే టీకా వేయించుకోండి. కాటు పడితే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగడం, వెంటనే ఆసుపత్రికి పోవడం, ఇది ప్రతి ఇంట్లో నేర్పండి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు పగటి శిక్షణ పెట్టనే వద్దు. అరచేతి వెనుక భాగం సిమెంటు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీరు ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉంచలేదు. బొచ్చు ఎక్కువున్న జాతులకు వగరుస్తూ ఒంటి వేడిని దించుకోవడం మన ఎండలో చాలదు. వీధి కుక్కలు ఇంకో సమస్య. పట్టీ కట్టుకుని వెళ్తున్న కుక్క మీద గుంపు కుక్కలు పడితే, పీటీఎస్‌డీ ఉన్న మనిషికి అది కొత్త గాయమే. నడక దారి ముందే మీరు తిరిగి చూసి ఎంచుకోండి.

ఒత్తిడిని కుక్కలు వాసనతో పసిగడతాయన్న వార్తలు కూడా మీరు చదివే ఉంటారు. 2024లో కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో రెండు కుక్కలకు నేర్పి, గతంలో గాయపడ్డ మనుషుల ఊపిరిలో ఒత్తిడి తేడాను గుర్తించగలవని చూపించారు. ముచ్చటైన పని. రెండే కుక్కలు, ల్యాబులో, మాస్కు ముక్కల మీద. మీ థీసిస్‌లో ఒక వాక్యానికి మించి దానికి చోటు ఇవ్వకండి.

మీ గురించి ఒక మాట. వరుసగా ఇలాంటి కథలు వింటే మీకే రాత్రుళ్లు తలుపు గడియ రెండుసార్లు చూసుకునే అలవాటు వస్తుంది. రోజుకు ఒక ఇంటర్వ్యూ కన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. గైడ్‌తోనో తోటి స్కాలర్‌తోనో వారానికోసారి విన్నవాటి గురించి మాట్లాడటానికి టైమ్ పెట్టుకోండి.

చివరగా, కొత్తగా కుక్కను ఎవరికీ ఇవ్వొద్దు అంటున్నాను కదా, దానికి ఇంకో కారణం ఉంది. అధ్యయనం అయిపోయాక కుక్క ఎవరిది? తిరిగి తీసుకుంటే ఆ మనిషిని మళ్లీ ఒంటరిని చేసినట్టు. వదిలేస్తే దాని తిండి, టీకాలు, పశువుల డాక్టర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పదేళ్లకో పన్నెండేళ్లకో అది చనిపోయిన రోజు ఆయన పక్కన ఎవరుంటారు? ఇంట్లో ఇప్పటికే ఉన్న కుక్క అయితే ఈ బాధ్యతలు ఆ కుటుంబం తనంతట తాను ఎత్తుకున్నవి. అందుకే చేరేముందు వాళ్లతో ఒక పేజీ రాయించుకోండి: కుక్క వాళ్లదే, శిక్షణ ఎప్పుడైనా ఆపేయొచ్చు, ఆపినా చికిత్స ఆగదు. ఆ పేజీని కమిటీ ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి, శాంపిల్ సైజు లెక్క దాని కింద.